అసీల్ కోళ్లు, నాలుగు వంశాలు: పాకాల మామిడితోట ప్రాజెక్టు డైరీ

నవంబర్ 2024

పాకాల నుంచి దామలచెరువు వెళ్లే దారికి దగ్గరలో ఉన్న మా మామిడితోటలో అసీల్ కోళ్లను నాలుగు వేరువేరు వంశాలుగా పెంచి, పుట్టిన ప్రతి పిల్లకూ తల్లి ఏదో తండ్రి ఏదో రాతలో ఉండేటట్టు చేసి, ఆ వంశాలను తరాల పాటు నిలబెట్టాలని నేనూ నా భార్యా ఈ పని మొదలుపెట్టాము.

అసీల్ మన ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలకు సొంతమైన జాతి. నిటారుగా నిలిచే ఒడలు, పొడవైన మెడ, దృఢమైన కాళ్లు, ఒంటికి అతుక్కున్నట్టుండే గట్టి ఈకలు, ముక్కు కింద వేలాడే ఎర్రతోలు దాదాపు లేకపోవడం, తలమీద మూడు వరుసల చిన్న బుడిపెలుగా ఉండే పొట్టి జుట్టు దీని గుర్తులు. పెరిగిన పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. గుడ్లు తక్కువే పెడుతుంది గాని, పొదగడంలోనూ పిల్లలను కాపాడుకోవడంలోనూ దీనికి సాటి వచ్చే పెట్టను నేను చూడలేదు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు, వీపు మీదా రెక్కల మీదా పసుపు ఈకలున్నది నెమలి, మెడ మీద నలుపు తెలుపు కలిసినది పర్ల అని మనవాళ్లు రంగును బట్టి పేరు పెట్టి పిలుస్తారు.

అసీల్ పేరుతో అమ్మే కోళ్లు సంతల్లో ఇప్పటికీ దొరుకుతాయి కనుక, ఇది అరుదైన జాతి అంటే చాలామంది ఒప్పుకోరు. అరుదైపోయినది కల్తీ లేని రక్తం. వైట్ లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ అనే విదేశీ జాతుల పుంజులు పల్లెల్లోకి వచ్చిన నాటి నుంచి పెరటి కోళ్లన్నిటిలోనూ కలయిక జరుగుతూ వచ్చింది. దానికి తోడు, సంక్రాంతికి ముందు కోస్తా వైపు నుంచి వచ్చేవారు మంచి పుంజులను ఏరుకుని పోతారు. మే నెలలో తిరుపతి గంగజాతర మొక్కులకు మరికొన్ని పోతాయి. ఆ రెండు కాలాలూ దాటేసరికి ఊళ్లో ఒకటో రెండో పుంజులు మిగిలి, అన్ని పెట్టలకూ అవే తండ్రులవుతాయి. పశుజాతుల విషయంలో మన ప్రాంతానికి ఈ అనుభవం కొత్త కాదు. పుంగనూరు ఆవు సంకరం వల్లనే తగ్గిపోయి, పలమనేరులోని పశు పరిశోధనా స్థానంలో దాన్ని ప్రత్యేకంగా కాపాడుకోవలసి వచ్చింది. కోడికి అంతటి పట్టింపు ఇంకా రాలేదు.

మందను ఏర్పరచేముందు ఒక లెక్క వేసుకున్నాము. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో, ఆ వచ్చినదాన్ని నాలుగుతో గుణించి, మొత్తం పక్షుల సంఖ్యతో భాగిస్తే, సంతానానికి నిజంగా రక్తం అందించే మంద పరిమాణం తెలుస్తుంది. ఒక పుంజు, 15 పెట్టలు ఉన్న మందకు అది 3.75 మాత్రమే, ప్రతి తరంలోనూ దగ్గరి రక్తం కలయిక 13 శాతం పైగా పెరుగుతుంది. అవే 16 పక్షులను నాలుగు పుంజులు, 12 పెట్టలుగా మారిస్తే ఆ సంఖ్య 12 అవుతుంది, పెరుగుదల 4.2 శాతానికి దిగుతుంది. మేత ఖర్చు ఒకటే, గూళ్లకు పట్టే స్థలం మాత్రం ఎక్కువ. జాతిని నిలపడానికి పెట్టల కంటే పుంజుల మీద ఎక్కువ ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఈ లెక్క నుంచే వచ్చింది.

అందువల్ల పుంజులను ఒకే చోట కొనలేదు. కాకి పుంజు పలమనేరు వైపు నుంచి, డేగ పుంగనూరు వైపు నుంచి, నెమలి సత్యవేడు వైపు నుంచి, సేతు వెంకటగిరి వైపు నుంచి వచ్చాయి. ప్రతి పుంజు వెంటా ఆ చుట్టుపక్కల ఊళ్ల పెట్టలు మూడేసి తెచ్చాము. వంశాలకు పుంజు రంగును బట్టి పేరు పెట్టాము గాని, పెట్టలు అన్ని రంగులవీ ఉన్నాయి. రంగు కోసం ఎంపిక చేయడం మా ఉద్దేశం కాదు.

డిసెంబర్ 2024

తెచ్చిన పక్షులను ఒక నెల పాటు పాతకోళ్లకు దూరంగా, తోట చివరనున్న కొట్టంలో విడిగా ఉంచాము. రెట్ట పల్చగా ఉన్నవాటికి నట్టల మందు తాగించడం, ఈకల కింద పేలు ఉన్నాయేమో విప్పి చూడడం, కాళ్ల పొలుసులు లేచిన చోట వేపనూనె రాయడం ఈ నెల పని. ఫెంగల్ తుపాను వానలకు కొట్టంలో తేమ పెరిగింది కనుక, నేల మీది వరిపొట్టును తరచుగా మార్చి, పొడి సున్నం చల్లుతూ వచ్చాము.

గూళ్ల విషయంలో అసీల్‌కు తనదైన అవసరం ఒకటి ఉంది. ఒక పుంజు మరొక పుంజును చూడకూడదు. మధ్యలో వల కట్టినా సరిపోదు, వల గుండానే తలలు పెట్టి పోట్లాడి ముఖాలు చీల్చుకుంటాయి. అందుచేత నాలుగు ఆవరణలకూ మధ్య నేల నుంచి నిలువెత్తు వరకు కొబ్బరాకుల దడి కట్టి, ఆ పైన వల వేశాము. గద్దల కోసం పైకప్పుగా కూడా వల ఉంది. ముంగిస దూరకుండా అడుగున అడుగున్నర లోతు వరకు రేకు పాతాము. ఈ కోడి బరువైనది కనుక, నిద్రపోయే కర్ర ఎత్తు రెండడుగులు దాటకూడదు. ఎత్తు నుంచి దూకితే పాదం అడుగున వాపు వస్తుంది.

గుర్తుల కోసం కాలివేళ్ల నడుమ ఉండే పొరకు రంధ్రం వేసే పద్ధతిని ఎంచుకున్నాము. ఒక్కో కాలికి రెండు పొరలు, రెండు కాళ్లకు నాలుగు. రంధ్రం ఉన్నది, లేనిది అనే తేడాతో 16 రకాల గుర్తులు వస్తాయి. పుట్టిన రోజునే వేస్తే జీవితాంతం నిలుస్తుంది. రెక్కకు తగిలించే రేకు ఊడిపోవచ్చు, కాలి ఉంగరం ఎదిగే పిల్లకు బిగుసుకుంటుంది. మా అవసరానికి పదహారు గుర్తులు చాలు: పన్నెండు తల్లులకు పన్నెండు.

జనవరి 2025

ఈ డైరీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. పైకి అచ్చమైన అసీల్‌లా కనిపించే పుంజులో పరాయి రక్తం దాగి ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

అసీల్ తలమీది బుడిపెల జుట్టును నిర్ణయించే జన్యువు, మామూలు నాటుకోడి తలమీది రంపపు జుట్టును నిర్ణయించే జన్యువును కప్పివేస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి కోడికీ ఈ జన్యువు జంటగా వస్తుంది. రెండూ బుడిపె రకమైనా, ఒకటి బుడిపె ఒకటి రంపం అయినా తలమీద కనబడేది బుడిపెలే. మెండెల్ చెప్పిన వారసత్వ సూత్రాలు జంతువులలోనూ పనిచేస్తాయని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం బేట్సన్ 1902లో చూపించినది ఈ కోడిజుట్ల మీదే. ఎస్‌ఓఎక్స్5 అనే జన్యువులో వచ్చిన మార్పే బుడిపెల జుట్టుకు మూలమని 2009లో తేలింది. జంటలో ఒకటే బుడిపె రకమైన కోడికి జుట్టు కొంచెం ఎత్తుగా, నడిమి వరుస కొంచెం పెద్దగా ఉంటుందని అంటారు, అది నిజమే గాని, కంటితో చూసి తేల్చగలిగినంత తేడా ప్రతి పక్షిలోనూ ఉండదు.

తేల్చేది సంతానమే. పుంజును రంపపు జుట్టు ఉన్న నాటు పెట్టలతో కలపాలి. దాని జంట రెండూ బుడిపె రకమైతే పిల్లలన్నిటికీ బుడిపెలే వస్తాయి. ఒకటి రంపమైతే, దాదాపు సగం పిల్లలు రంపపు జుట్టుతో పుడతాయి. ఏడు పిల్లలు పుట్టి ఏడింటికీ బుడిపెలే ఉంటే, దాగిన రంపం మన కన్ను గప్పే అవకాశం 128లో ఒకటి. జుట్టు తేడా పుట్టిన రోజునే తెలుస్తుంది కనుక పిల్లలు ఎదిగేదాకా కాచుకోవలసిన పని లేదు. పుంజుల పరీక్షకు ఇంతకంటే చవకైన సాధనం రైతు చేతిలో మరొకటి లేదు. ప్రయోగశాల అక్కరలేదు, నాలుగు నాటుపెట్టలుంటే చాలు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు మూడు వారాల పాటు సజీవంగా నిలిచి ఉంటుంది. పాత పుంజును తీసేసిన మర్నాటి గుడ్డుకు కొత్త పుంజు తండ్రి అని రాస్తే ఆ రాత అబద్ధమవుతుంది. అందుచేత నాటుపెట్టలను, మా పన్నెండు అసీల్ పెట్టలను కూడా, ఏ పుంజూ లేకుండా మూడు వారాలకు పైగా ఉంచిన తరువాతే జతకట్టించాము.

సేతు పుంజు మీద నాకు ఒక అదనపు అనుమానం ఉండేది. లెగ్‌హార్న్ తెలుపు ఇతర రంగులను అణచివేసే తెలుపు. అలాంటి పుంజును రంగు పెట్టతో కలిపితే పిల్లలు తెల్లగానో, అక్కడక్కడ చుక్కలతోనో పుడతాయి. దీని తెలుపు ఏ రకానిదో కూడా ఇదే పరీక్షలో బయటపడుతుందని, దానికి నల్లని నాటుపెట్టలను జతచేశాము.

సంక్రాంతికి ముందు వారం డేగ పుంజును అడుగుతూ ఇద్దరు వచ్చారు. నిలువు, నడక, చూపు అన్నీ దానికే అందంగా ఉన్నాయి కనుక వాళ్లు అడగడంలో వింత లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం జంతువులను పోట్లాటకు దించడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, కత్తి కట్టిన పుంజు ఆ సాయంత్రమే చచ్చిపోవచ్చు, దానితో దాని వంశమూ పోతుంది. మా తోట పుంజు పెంపకానికి తప్ప మరొక దానికి వెళ్లదని వారికి చెప్పాము.

ఫిబ్రవరి 2025

గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలిందన్న వార్త వచ్చిన రోజు నుంచి తోటలోకి బయటి కోడిని గాని, బయటివారి గంపలను గాని రానివ్వలేదు. గేటు దగ్గర సున్నం, పాదాలు ముంచడానికి క్రిమిసంహారక ద్రావణం, తోటలో తిరగడానికి వేరే చెప్పులు పెట్టాము. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కూడా ఈ జబ్బు వచ్చింది; మాకు అది పక్క జిల్లాయే. ఒకే చోట ఉన్న మందలో వైరస్ తేలితే మొత్తం మందను చంపి పూడ్చవలసిందే. నాలుగు వంశాలనూ ఒకే తోటలో ఉంచడం ఎంత ప్రమాదమో ఈ నెల నాకు స్పష్టమయింది. వంశాలను వేరువేరు ఇళ్లకు పంచే ఆలోచన అప్పుడే మొదలయింది.

పరీక్ష గుడ్లు నెల మధ్యలో పొదిగాయి. కాకి పుంజుకు పుట్టిన పిల్లలన్నిటికీ బుడిపెలే. నెమలి, సేతు పుంజులకూ అంతే. సేతు పిల్లలు నల్లగానూ బూడిదరంగుగానూ పుట్టాయి గనుక దాని తెలుపు అణగి ఉండే రకమని, లెగ్‌హార్న్ తెలుపు కాదని తేలింది. డేగ పుంజుకు పుట్టిన పిల్లల్లో నాలుగింటికి రంపపు జుట్టు ఉంది. అందరూ మెచ్చిన పుంజులోనే పరాయి జన్యువు దాగి ఉంది.

ఇప్పుడు ఏం చేయాలి? తీసేయమన్నారు చాలామంది. తీసేస్తే మూడు పుంజులు, 12 పెట్టలు మిగులుతాయి. మంద పరిమాణం 12 నుంచి 9.6కు పడిపోతుంది. పైగా పుంగనూరు వైపు నుంచి వచ్చిన రక్తం తండ్రుల వైపు పూర్తిగా పోతుంది. రంపపు జుట్టు ఒక జన్యువు మాత్రమే; ఆ పుంజులోని వేల జన్యువులలో చాలావాటికి ఆ జుట్టుతో సంబంధం లేదు. ఒక్క జన్యువు కోసం మొత్తం రక్తాన్ని పారబోయడం జాతిరక్షణ అనిపించుకోదని నా అభిప్రాయం. బుడిపె జన్యువు రెండూ ఉన్న పెట్టకు ఈ డేగ వల్ల పుట్టే కొడుకులలో సగం మంది దోషం లేకుండానే పుడతారు. ఆ కొడుకులను పరీక్షించి, నెగ్గినవాటినే ముందుకు పంపితే, దాగిన రంపం ఒక తరంలో తొలగిపోతుంది, మిగతా వంశం నిలుస్తుంది. అందుకే డేగ పుంజును ఉంచుకున్నాము.

మార్చి 2025

అసలైన జతల గుడ్లు ఈ నెల పొదగేశాము. గుడ్డు దొరికిన వెంటనే పెన్సిలుతో తల్లి గుర్తు, తేదీ రాస్తాము. ఒక ఆవరణలో మూడు పెట్టలే కనుక ఏ గుడ్డు ఎవరిదో కొద్ది రోజులకే తెలిసిపోతుంది. ఒక పెట్ట గుడ్డు ఎప్పుడూ ఒకే ఆకారం, ఒకే ఛాయ. అయినా అనుమానం వచ్చిన గుడ్డును పొదగెయ్యకుండా వంటింట్లోకి పంపాము.

నిల్వ చేయడానికి సగం వరకు నేలలో పాతిన కుండలో తడి ఇసుక పోసి, దాని మీద గోనెసంచి పరిచి, సన్నని కొస కిందికి వచ్చేటట్టు గుడ్లు పెట్టాము. మార్చి ఎండకు కూడా కుండ లోపల చల్లగానే ఉంటుంది. ఇలా ఉంచినా వారం దాటిన గుడ్డును పొదగెయ్యలేదు. అసీల్ పెట్టలు బరువైనవి కనుక పెంకు పల్చనైన గుడ్లు వాటి కింద పగులుతాయి. దీనికి రెండు ఉపాయాలు చేశాము: మేతలో గుల్లపొడి పెంచడం, ఒక పెట్ట కింద పది గుడ్లకు మించి పెట్టకపోవడం. మిగిలిన గుడ్లను పొదుగు మీదున్న నాటుపెట్టల కింద పెట్టాము.

ఎదురింటి అవ్వ ప్రతి పొదుగు గంపలోనూ ఇసుక కింద ఒక ఇనుపముక్క పెట్టింది. "ఉరుము ఉరిమితే గుడ్లు చెడిపోకుండా ఉంటాయి నాయనా" అంది. మా అమ్మ కూడా అట్లాగే పెట్టేది. ఇనుము సంగతి ఎలా ఉన్నా, గంప అడుగున ఇసుక ఎంత మందం ఉండాలో, పెట్ట గుడ్లను తిప్పుకోవడానికి గుంట ఎంత లోతు ఉండాలో అవ్వ చేతికి తెలిసినంత నాకు తెలియదు కనుక, గంపలన్నీ ఆమె చేతనే కట్టించాను.

ఏడవ రాత్రి టార్చి వెలుగులో చూస్తే రక్తనాళాలు సాలెగూడులా కనిపించినవి ఉంచి, తేటగా ఉన్నవి తీసేశాము. 21వ రోజున పొదిగాయి. డేగ ఆవరణలో ఒక పెట్ట గుడ్ల నుంచి రంపపు జుట్టు పిల్లలు రెండు పుట్టాయి. తండ్రిలో దాగిన రంపం, తల్లిలో దాగిన రంపం కలిస్తేనే అది జరుగుతుంది కనుక ఆ పెట్ట సంగతి కూడా విడిగా పరీక్షించకుండానే తెలిసింది. ఆ పెట్టను పెంపకం నుంచి తప్పించి, పొదుగు పనికి మాత్రమే ఉంచుకున్నాము. పెట్ట విషయంలో ఈ కాఠిన్యం ఎందుకంటే, దాని బదులు అదే ఊరి నుంచి మరొక పెట్టను తేవడం సులువు. మంచి పుంజు దొరకడం మాత్రం చాలా కష్టం.

ఏప్రిల్, మే 2025

అసీల్ పిల్లలకు ఈకలు ఆలస్యంగా వస్తాయి. రంగు పెరటికోళ్ల పిల్లలు రెక్కలు కప్పుకున్న వయసులో వీటి వీపు, రొమ్ము ఇంకా బోడిగానే ఉంటాయి. అందుచేత వెచ్చదనం ఎక్కువ రోజులు ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. ఈ రెండు నెలల పగటి ఎండకు బల్బు అక్కరలేదు గాని, తెల్లవారుజామున మాత్రం వేయవలసి వచ్చింది. పిల్లలు బల్బు కింద ఒకదానిమీద ఒకటి పోగైతే చలి, దూరంగా జరిగి నోరు తెరుచుకుంటే వేడి. థర్మామీటరు కంటే ఆ గుంపును చూడడమే మేలు.

మేత గురించి కొంత వివరంగా రాయాలి. పిల్లలకు మాంసకృత్తులు 20 శాతానికి తగ్గకూడదు. మన జిల్లాల్లో దానికి అందరూ వాడేది చెనిక్కాయ (వేరుశనగ) చెక్క. అది బలమైన మేతే, కాని తేమ తగిలి బూజు పట్టిన చెక్క కంటే కోడిపిల్లకు పెద్ద శత్రువు లేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వేరుశనగ పిండిలో పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడుదల చేసిన విషమని తేలింది. అఫ్లాటాక్సిన్ అన్న పేరు అప్పుడే పుట్టింది. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, టీకాల ప్రభావాన్ని కూడా తగ్గిస్తుంది, ఉడికించినా పోదు. కనుక గానుగ నుంచి కొత్త చెక్కను కొద్దికొద్దిగా తెచ్చి, ఎండబెట్టి, బల్ల మీద నిల్వ చేశాము. వాసన ఏమాత్రం మారినా కోళ్లకు వేయలేదు. మిగతా మాంసకృత్తుల కోసం ఎండుచేపల పొడిని రాగులు, నూకలతో కలిపి ఇచ్చాము. ఇవి కాక, పాతకాలపు చెదల కుండ ఉంది. కుండలో పేడ, గడ్డి కూరి కొంచెం నీళ్లు చల్లి, పుట్ట పక్కన సాయంత్రం బోర్లించి పెడితే తెల్లవారేసరికి చెదలు నిండుతాయి. పిల్లలకు ఇది చాలా ఇష్టం, ఖర్చు లేదు. పొద్దెక్కితే చెదలు నేలలోకి దిగిపోతాయి కనుక తెల్లవారగానే తీయాలి.

టీకాలలో ఆలస్యం చేయలేదు. మొదటి వారంలో కంట్లో కొక్కెర తెగులు టీకా లసోటా చుక్క, రెండవ వారం చివర గంబోరో జబ్బుకు టీకా, నాలుగవ వారంలో మళ్లీ లసోటా, ఆరవ వారంలో కోడి మశూచికి, ఎనిమిది వారాలు దాటాక కొక్కెర తెగులుకే ఆర్‌టుబి అనే టీకా. సీసాలో కనీసం వంద మోతాదులు ఉంటాయి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. అందుచేత టీకా తెచ్చే రోజును ముందే చెప్పి, చుట్టుపక్కల ఇళ్ల కోళ్లన్నిటికీ ఒకేసారి వేయించాము. ఐసు పెట్టిన ఫ్లాస్కులో తేవడం, ఎండ రాకముందే పని ముగించడం తప్పనిసరి. చుట్టూ ఉన్న నాటుకోళ్లకు తెగులు రాకపోతేనే మా వంశాలూ క్షేమంగా ఉంటాయి కనుక, ఆ సీసా ఖర్చు మేమే పెట్టుకున్నాము.

గంగజాతర రోజుల్లో కోళ్ల ధర పెరిగింది. మొక్కుకు పుంజు కావాలని అడిగినవారికి పరీక్షలో పుట్టిన సంకర పుంజులను చూపాము. అవి ఇంకా చిన్నవి కావడంతో చాలామంది తీసుకోలేదు.

ఆగస్టు 2025

కొన్ని వారాల వయసు నుంచే పోట్లాడుకుంటూ వచ్చిన పుంజుపిల్లలను మూడు నెలలు దాటగానే ఒక్కొక్కదాన్నీ విడదీశాము. పెట్టపిల్లల్లోనూ ఎవరు పైనో ఎవరు కిందో తేలేవరకు గొడవే. ఆ కొద్ది రోజులు మేతతొట్లు పెంచి, దూరదూరంగా పెట్టాము.

ఎంపికలో అందాన్ని చివరికి నెట్టాము. మొదట కాళ్ల నిలకడ, రొమ్ము ఎముక వంకర లేకపోవడం, మెడ ఎముకల వరస, ఆ తరువాత ఒక్కో తల్లి నుంచి కనీసం ఒక కూతురైనా ముందుకు వెళ్లేలా చూడడం. బాగా పెరిగిన ఒక్క తల్లి పిల్లలనే ఏరుకుంటే మంద చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, పన్నెండు తల్లుల రక్తం రెండు మూడు తల్లుల రక్తంగా కుదించుకుపోతుంది. అందుకే ఒక్కో తల్లి వరుసకు ఒక కొలత పెట్టుకుని, ఆ వరుసలో మెరుగైనదాన్ని ఎంచుకున్నాము. కొన్ని వరుసల్లో మెరుగైనది కూడా మిగతా వరుసల కంటే చిన్నదే. అయినా ఉంచుకున్నాము.

నవంబర్ 2025

వంశాలు ఇప్పుడు నాలుగు ఇళ్లలో ఉన్నాయి. కాకి వంశం మా తోటలో, నెమలి వంశం ఎదురింటి అవ్వ దగ్గర, మిగతా రెండు పొరుగు ఊళ్లలోని రైతుల దగ్గర. పాతరోజుల్లో పెట్టను పాలుకు ఇచ్చే పద్ధతినే వాడుకున్నాము. పెట్టలు, పుంజు మావి. మేత, కాపు వాళ్లవి. పుట్టిన పిల్లల్లో సగం వాళ్లకు. దానికి మేము కలిపిన షరతులు రెండు: ఆ ఆవరణలోకి మరొక పుంజు రాకూడదు, పుట్టిన ప్రతి పిల్ల కాలికీ తల్లి గుర్తు పడాలి. అవ్వకు అక్షరాలు రావు గాని, వేలిపొరల గుర్తులు నాకంటే వేగంగా చదువుతుంది.

పుంజులు వంశాల మధ్య ఒకే దిశలో తిరుగుతాయి. కాకి కొడుకు నెమలి పెట్టలకు, నెమలి కొడుకు డేగ పెట్టలకు, డేగ కొడుకు సేతు పెట్టలకు, సేతు కొడుకు కాకి పెట్టలకు. కూతుళ్లు పుట్టిన ఇంట్లోనే ఉంటాయి. ఇలా తిప్పితే అన్నా చెల్లెళ్లు కలిసే ప్రసక్తి రాదు. ఆ ఒక్క కలయిక జరిగితే పిల్లల్లో దగ్గరి రక్తం ఒక్కసారే 25 శాతానికి చేరుతుంది, గుడ్లు పొదగక పోవడం, పిల్లలు నిలవకపోవడం మొదట కనిపించేది అక్కడే.

తరలించే ముందు ప్రతి కొడుకునూ రంపపు జుట్టు నాటుపెట్టలతో పరీక్షించాలన్న నియమం పెట్టుకున్నాము. తండ్రి పరీక్షలో నెగ్గినా, తల్లిలో రంపం దాగి ఉండవచ్చు కదా. కాకి, నెమలి, సేతు వంశాల నుంచి ఎంచిన కొడుకులు పరీక్షలో నెగ్గాయి. డేగ కొడుకులలో మొదటిదానికి మూడవ పిల్లే రంపపు జుట్టుతో పుట్టింది, అది పెంపకం నుంచి తప్పుకుంది. రెండవదానికి ఇప్పటివరకు పుట్టిన అయిదు పిల్లలకూ బుడిపెలే ఉన్నాయి. తండ్రి చరిత్ర తెలుసు కనుక దీనికి మాత్రం ఏడు చాలవు, పది పిల్లలు చూస్తాము. అప్పుడు కన్నుగప్పే అవకాశం 1,024లో ఒకటికి తగ్గుతుంది. రెండు నాటుపెట్టలు ప్రస్తుతం పొదుగు మీద ఉన్నాయి. వాటి గుడ్లు పొదిగి లెక్క పూర్తయ్యేదాకా సేతు ఇంటికి పుంజు వెళ్లదు. అక్కడి పెట్టల గుడ్లు అంతవరకు వంటకే.